బతుకు కబురు

పుంగనూరులో ఎవరైనా పోతే అమరావతి ముందు ఆ ఇంటికి పోయి ముఖం చూసి వచ్చేది. వాళ్ళతోపాటు కాసేపు ఏడ్చి, ఇంటికొచ్చి తలమీద నీళ్ళు పోసుకుని, అప్పుడు కంప్యూటరు ముందు కూర్చునేది. ఆమె అక్షరాలు కొట్టిన కాసేపటికి ఊళ్ళోని టీవీలన్నిటిలో తెర అడుగున నల్లపట్టీ మీద ఆ పేరు నడిచిపోయేది. ఫలానా వీధి, ఫలానా వారు, స్వర్గస్థులైనారు. చూసినవాళ్ళు వంటింట్లో ఉన్నవాళ్ళను కేకేసి పిలిచేవాళ్ళు.

ముఖం చూడకుండా ఆమె ఒక్క పేరూ వేసేది కాదు.

"ఫోన్లో చెప్తాండారు కదా, ఏసెయ్ మే" అని మొగుడు గంగులప్ప తొందరపెట్టేవాడు.

"పెండ్లి తప్పుగా ఏస్తే దిద్దుకోవచ్చు. సావు తప్పుగా ఏస్తే ఎట్ల దిద్దుతావయ్యా?" అనేది ఆమె.

అమరావతిది బైరెడ్డిపల్లె పక్కన ఒక మెట్టపల్లె. మేకల వెంట తిరుగుతూనే చదువుకుంది. నిమ్మనపల్లె నుంచి వచ్చి పుంగనూరులో రేడియోలు బాగుచేసే గంగులప్పకు ఇచ్చి చేశారు. తొంభైల మొదట్లో గంగులప్ప మదనపల్లె నుంచి ఒక డిష్షు తెచ్చి మేడమీద బిగించాడు. ఆ ఇనుప చేటను చూడడానికి వీధి వీధంతా మెడలెత్తి నిలబడింది.

"ఏమప్పా గంగులప్పా, ఇది వానకు పెట్టినావా, పిడుగుకు పెట్టినావా?" అని అడిగారు.

"రెండూ రాకపోతే నా పెండ్లాం దీంట్లో వడియాలు ఎండబెట్టుకుంటాదిలే" అన్నాడు గంగులప్ప.

వడియాలకు తీరిక దొరకలేదు. ఆ యేడే తీగలు మేడలమీంచి మేడలకు పాకాయి. గంగులప్ప, అతని దగ్గర పని నేర్చుకుంటున్న కిరణ్ కుమార్ స్తంభాలెక్కేవాళ్ళు. కింద నిచ్చెన పట్టుకునేది అమరావతి. కిరణ్ కుమార్ ఆ ఇంట్లోనే తినేవాడు, ఆమెను అక్కా అని పిలిచేవాడు. తరవాత ఊరి కోసమని ఒక చానెలు పెట్టుకున్నారు. అందులో పెళ్ళిళ్ళు వచ్చేవి, గంగజాతర వచ్చేది, తప్పిపోయిన పొట్టి ఆవుల గుర్తులు వచ్చేవి. చావులు వచ్చేవి.

తొంభై ఐదులో ఢిల్లీలో చట్టం వచ్చింది, కేబుల్ నడిపేవాళ్ళంతా పేరు నమోదు చేసుకోవాలని. ఎక్కడంటే హెడ్ పోస్టాఫీసులో. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ బస్సెక్కి మదనపల్లె పోయారు.

"సార్, పోస్టాఫీసుకూ టీవీకీ ఏమి సంబంధం?" అని గంగులప్ప కిటికీలోంచి అడిగాడు.

"సర్కారుకు యాడ ముద్ర కాళీగా ఉంటే ఆడికి పంపిస్తాది లేప్పా. గమ్మున సంతకం పెట్టు" అన్నాడు లోపలి గుమాస్తా.

ఆ ముద్ర పడిన కాగితాన్ని అద్దం కట్టించి వెంకటేశ్వరస్వామి పటం పక్కన తగిలించారు. పండగనాడు దానికీ పసుపు బొట్టు పెట్టేది అమరావతి. ప్రభుత్వం తమను చూసింది, రాసుకుంది, ఇక ఎవరైనా అన్యాయం చేస్తే అడుగుతుందని ఆమె నమ్మకం. ఆ నమ్మకం మన దేశంలో పేదవాళ్ళందరికీ ఉండేదే. ముద్ర వేసిన చెయ్యి మళ్ళీ ఎప్పుడూ ఆ కిటికీలోంచి బయటికి రాదని తెలియడానికి ఒక జీవితం పడుతుంది.

రెండువేల సంవత్సరం దాటాక మహోదయ నెట్‌వర్క్ వచ్చింది. మదనపల్లెలో పెద్ద డిజిటల్ కంట్రోల్ రూం కట్టారు. అక్కడి నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం దాకా వెంట్రుక లాంటి గాజుతీగను భూమిలో పాతిపెట్టారు. జనం అడిగే సినిమా చానెళ్ళు, క్రికెట్ చానెళ్ళు ఇక వాళ్ళ దగ్గర నుంచే తీసుకోవాలన్నారు. మొదట్లో అందరికీ బాగా ఇచ్చారు. గంగులప్పా తీసుకున్నాడు. అలా తీసుకున్నరోజే అతని మేడమీది డిష్షు గుడ్డిదైపోయింది. తీగలు అతనివి, ఇళ్ళు అతను పోయి మాట్లాడుకున్నవి, వాటిలో పారే బొమ్మ మాత్రం మహోదయ వాళ్ళది. వాళ్ళ బొమ్మతోపాటు వాళ్ళ సొంత చానెలూ వచ్చింది. మూడు ఊళ్ళకూ ఒకే చానెలు, ఒకే గొంతు.

అప్పుడు ఒక్కొక్క ఆపరేటరునూ పిలిచి "లైను మాకు రాసిచ్చెయ్యండి, మా మనుషులుగా ఉండండి" అన్నారు. రాసివ్వని వాళ్ళ తెరల నిండా చుక్కలే. పక్కవీధిలో మహోదయ సొంత లైనులో మాత్రం అద్దంలాంటి బొమ్మ. కిరణ్ కుమార్ అప్పటికే అటుపోయి, పుంగనూరుకు వాళ్ళ మేనేజరయ్యాడు.

గంగులప్ప రాసివ్వలేదు. అడిగిన ప్రతి ఆపరేటరుకూ సిగ్నల్ ఇవ్వాలని, ఒకరికి ఒక రకంగా ఇంకొకరికి ఇంకో రకంగా ఇవ్వకూడదని ఢిల్లీలో కొత్త నియమాలు వచ్చినట్టు పేపర్లో చదివాడు. ఆ కాగితం ముక్క పట్టుకుని తిరిగాడు. పోస్టాఫీసు వాళ్ళు ముద్ర వరకే మా పని అన్నారు. రెవెన్యూ వాళ్ళు పోలీసుల దగ్గరికి పొమ్మన్నారు. పోలీసులు టీవీ రాకపోతే మేమేం చేస్తామప్పా అని నవ్వారు. నియమం ఢిల్లీలో పుట్టింది గానీ పుంగనూరులో దాన్ని పెంచే దిక్కు లేదు. చివరికి మదనపల్లెలో ఒక ఆఫీసు అతని అర్జీ తీసుకుంది. విచారణకు ఒక అధికారి పుంగనూరు వచ్చి బొమ్మ చూస్తాడని చెప్పింది.

ఆ అధికారి రావాల్సిన వారంలోనే కాకి తన్నింది.

రెండువేల ఆరు, ఎండాకాలం. అధికారి వచ్చే లోపల లైనంతా సరిచూసుకోవాలని గంగులప్ప మేడెక్కాడు. వంగి తీగ పట్టుకున్నాడో లేదో, ఎక్కడినుంచో ఒక కాకి వచ్చి నడినెత్తిన కాళ్ళతో తన్ని పోయింది. కిందనుంచి దొడ్డమ్మ చూసింది. ఆమె గంగులప్పకు తల్లి అక్క. తల్లి పోయాక పెంచింది ఆమే. ఇంటిల్లిపాదీ దొడ్డమ్మ అనే పిలిచేవాళ్ళు.

నెత్తిన కాకి తన్నితే మనిషికి గండం అంటారు ఆ సీమలో. దానికి విరుగుడూ వాళ్ళే పెట్టుకున్నారు. దూరాన ఉన్న దగ్గరి బంధువుకు, మనిషి పోయాడని ఉత్త కబురు పంపుతారు. ఆ బంధువు నిజంగా ఏడవాలి. ఏడ్చాక, కబురు పంపినవాళ్ళే మళ్ళీ కబురు పంపాలి, లేదు, బతికే ఉన్నాడని. దాంతో గండం తీరుతుంది. మొదటిది చావు కబురు, రెండోది బతుకు కబురు. మొదటిది పంపి రెండోది పంపకపోవడమనేది ఎవరూ ఊహించని పాపం.

"కుప్పంలో రాములమ్మకు ఫోన్ చేసి చెప్పు మే" అన్నది దొడ్డమ్మ. రాములమ్మ గంగులప్ప చెల్లెలు.

"నా నోట రాదు దొడ్డమ్మా. నేను ముఖం సూడందే పేరెయ్యనిదాన్ని. బతికిండే మొగున్ని సచ్చినాడని నేను చెప్పేదా?" అన్నది అమరావతి.

"సరే పో. నేను చెప్తే గొంతులోనే అబద్దం తెలిసిపోతాది దానికి. నాకు నవ్వొస్తాది" అని దొడ్డమ్మ గొణుక్కుంటూ గోడమీది గంగులప్ప ఫొటో వైపు చూసింది.

మర్నాడు పొద్దున అమరావతి టీవీలు పెట్టిన గదిలోకి కాఫీ తీసుకుపోయేసరికి గంగులప్ప కదలకుండా నిలబడి ఉన్నాడు. మహోదయ చానెల్లో అతని ఫొటో. ఫొటోకు దండ. పక్కన దీపం ఊగుతోంది. కింద అక్షరాలు: పుంగనూరు కేబుల్ ఆపరేటర్ గంగులప్ప గారు స్వర్గస్థులైనారు. మహోదయ కుటుంబం ప్రగాఢ సంతాపం.

"ఫొటో బాగుండాది కదా" అన్నాడు గంగులప్ప. ఆ గొంతు ఆమెకు తెలిసిన గొంతు కాదు.

ఆమె పోయి మహోదయ సిగ్నల్ వచ్చే తీగను పట్టుకుంది. గంగులప్ప ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"పీకితే ఊరంతా బొమ్మ పోతాది. గంగులప్పే కోసినాడంటారు. రేపు ఆఫీసరు ముందర అదే చెప్తారు."

ఆమె చెయ్యి తీసేసింది. అతను పాతిన స్తంభాల మీదుగా, అతను లాగిన తీగల్లోంచి, అతను బిగించిన ఇళ్ళన్నిటిలోకి అతని చావు పోతోంది. ఇద్దరూ నిలబడి చూశారు.

దొడ్డమ్మ అప్పటికే ఏడుస్తోంది. "నేనే ఇచ్చినాను నాయనా. ఫోన్లో ఐతే గొంతు పట్టిస్తాది, టీవీలో ఐతే గొంతు ఉండదు కదా అనుకున్నాను. రాములమ్మ ఇంట్లో ఆ చానెలే పెడతారు. కిరణ్ కుమారుకు అంతా చెప్పినాను. కాకి తన్నింది నాయనా, ఒక్క పూట ఏసి, రేప్పొద్దున బతికినాడని ఏసెయ్యి అని. అట్లనే అవ్వా, మంచి ఫొటో తెచ్చియ్యి అన్నాడు. మన ఇంటి అన్నం తిన్నోడు కదా..."

రాములమ్మ మధ్యాహ్నానికల్లా కుప్పం బస్సు దిగి, వీధి మొదట్నుంచే గుండెలు బాదుకుంటూ వచ్చింది. అరుగుమీద కూర్చున్న అన్నను చూసి అక్కడే కూలబడింది. తరవాత లేచి అతన్ని రెండు చేతులా కొట్టింది. నవ్వింది, ఏడ్చింది. "నీ కాకిని తగలబెట్ట! బస్సులో ఎవరో ఒకాయప్ప నాకు సీటిచ్చి లేచి నిలబడుకున్నాడు తెలుసునా, పాపం" అన్నది. దొడ్డమ్మ ఆమెకు అన్నం కలిపి పెట్టింది. విరుగుడులో సగం అయింది.

మిగతా సగం తమ చానెల్లో వేసుకుంటే చెల్లదు, పంపినవాళ్ళే పంపాలి. దానికోసం అమరావతి, గంగులప్ప మహోదయ ఆఫీసుకు పోయారు.

"రాన్నా, రా! కూచో. అక్కా, నువ్వూ కూచో" అన్నాడు కిరణ్ కుమార్. లేచి నిలబడ్డాడు కూడా.

"రెండో కబురు ఎయ్యి కిరణా. దొడ్డమ్మ చెప్పింది కదా" అన్నది అమరావతి.

"నా చేతిలో ఏముండాది అక్కా? ఇప్పుడంతా మదనపల్లెలో కంప్యూటర్లోనే. చావుకొక గడి ఉండాది, పెండ్లికొక గడి ఉండాది, పుట్టినరోజుకొక గడి. బతికిండాడు అని ఏసేదానికి గడి లేదు."

"ఒక పూట అన్నావంట. పొద్దుట్నుంచి పడతానే ఉండాది."

"పెట్టింది తీయాలన్నా పైనించే తీయాల." అతను గంగులప్ప వైపు తిరిగాడు. "ఒక దారి ఉండాదన్నా. లైను రాసిచ్చెయ్. గంగులప్ప గారు మహోదయ కుటుంబంలో చేరినారు అని రేపే ఏస్తాం. నీ నవ్వు ముఖం ఫొటోతో. సచ్చినోడు చేరడు కదా! బతికిండేది అదే తెలిసిపోతాది."

గంగులప్ప లేచి బయటికి వచ్చేశాడు. అమరావతి గుమ్మంలో నిలబడి, "నీకు అన్నం పెట్టిన చెయ్యి ఇది కిరణా. సూసుకో" అని చెయ్యి చూపించింది. అతను చూడలేదు. ఫోను ఎత్తుకున్నాడు.

ఆ ఫొటో చాలారోజులు తెరమీదే ఉంది. ఊరికి నిజం తెలియదా అంటే తెలుసు. అతను వీధిలో తిరుగుతున్నాడు, టీ తాగుతున్నాడు. మొదట్లో నవ్వుకున్నారు. "ఏమప్పా, ఆడ ఎండ ఎట్లుండాది?" అని టీ అంగట్లో అడిగేవాళ్ళు. "ఈడికంటే మేలే, కరెంటు పోదు" అనేవాడు అతను. కానీ రోజూ దండవేసిన ఫొటో చూసి బయటికొచ్చి అదే మనిషిని చూడడం ఎవరివల్ల అవుతుంది? నవ్వులు తగ్గాయి. అతను కూర్చున్న బల్లమీద పక్కన ఎవరూ కూర్చోవడం మానేశారు. అతని ముందరే "గంగులప్ప ఉన్నప్పుడు లైను బాగుండేది" అని మాట్లాడుకున్నారు. అమరావతి చానెలు అందని చుట్టుపక్కల పల్లెలకు మాత్రం నిజం తెలిసే దారే లేదు. సంతకు వచ్చినవాళ్ళు అతన్ని చూసి పక్కకు తొలిగేవాళ్ళు.

ఇంట్లో గంగులప్ప కూడా మారాడు. గడ్డం గీసుకోవడం మానేశాడు. అద్దంముందుకు పోడు. పిలిస్తే రెండో పిలుపుకు గానీ పలకడు. దొడ్డమ్మ చీకటి మూలన కూర్చుని, "కబురు తెరిచి పెట్టేసినారు మే. మూయకపోతే అది ఊరికే ఉండదు" అంటుండేది. అమరావతి ఆమెను కసురుకునేది. కసురుకున్నాక ఆమెకే భయమేసేది. తెరనిండా చుక్కలు కదులుతుంటే వాటిలో తాను పేరేసినవాళ్ళ ముఖాలన్నీ కనిపించేవి. చూసి వేసిన ముఖాలు అవి, ఏ ఒక్కటీ ఆమెను భయపెట్టేది కాదు. చూడకుండా వేసిన ముఖం ఒక్కటే ఇంట్లో తిరుగుతూ అన్నం తింటోంది.

శ్రావణమాసంలో వెనకింటి మంగమ్మ వాయినానికి పిలిచింది. అందరికీ బొట్టు పెడుతూ వచ్చి అమరావతి దగ్గర కుంకుమభరిణె పట్టుకుని ఆగిపోయింది.

"ఏమి మంగమ్మా?"

"ఏమీ లేదు మ్మా... నాకు తెలుసు, నీ మొగుడు నిన్ననే మా స్తంభమెక్కినాడు. నేనే మజ్జిగిచ్చినాను. ఐనా మా అత్త ఒప్పుకోలేదు. టీవీలో తీయలేదు కదా ఇంగా అంటాది."

అమరావతి భరిణె తీసుకుని తన బొట్టు తానే పెట్టుకుని వచ్చేసింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. సాయంత్రానికి గంగులప్పకు ఎవరో చెప్పనే చెప్పారు.

"రాసిచ్చేస్తాను" అన్నాడతను. "తీగలు యాడికి పోతాయి? నీ బొట్టు కోసం రాసిచ్చేస్తాను."

"ముందు ఆ ఆఫీసుకు పోదాం పా. ఆఫీసరు వస్తానన్నోడు యాల రాలేదో అడుగుదాం" అన్నది ఆమె.

మదనపల్లె ఆఫీసులో గుమాస్తా పేరు నారాయణప్ప. ముక్కుమీదికి జారే కళ్ళద్దాలు, నోట్లో వక్క. ఫైలు తీసి చూసి, సానుభూతిగా తల ఊపాడు.

"ఇది మూసేసినారమ్మా. అర్జీ పెట్టుకున్నాయన చనిపోయినారు."

"నేనే సార్ ఆయన" అన్నాడు గంగులప్ప.

నారాయణప్ప కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "మీరేనని యాడ ఉండాది? మహోదయ వాళ్ళు రాసిచ్చినారు, మూడు ఊళ్ళలో టీవీలో వచ్చిందని. మా సారు కూడా చూసినారంట."

"వాళ్ళ మీదే కదా సార్ మేము అర్జీ పెట్టింది! వాళ్ళు చెప్పింది యాల నమ్మినారు?" అన్నది అమరావతి.

"మల్ల ఇంకెవరు చెప్తారమ్మా? మీ చానెలు మీ ఇంటి మాటే కదా. అది కాక ఆ ఊళ్ళో ఇంకో చానెలు ఉండాదా?"

ఆ మనిషి చెడ్డవాడు కాదు. అతను అన్నది అక్షరాలా నిజం. ఒక ఊరికి ఒకటే నోరు మిగిలితే, ఆ నోటిమీద ఫిర్యాదు చేసినవాడు బతికున్నాడో లేదో కూడా ఆ నోటినే అడగాలి. ఒకే కంపెనీ ఊరంతటికీ కన్నూ చెవీ అయిపోతుంటే సర్కారు చూస్తూ కూర్చుంటే జరిగేది ఇదే. చానెళ్ళ లెక్క గురించీ తీగల లెక్క గురించీ మాట్లాడే పెద్దలకు ఇది ఎవరైనా చెప్పాలి.

నారాయణప్ప గొంతు తగ్గించాడు. "ఒక పని ఉండాదమ్మా. అర్జీదారు పోతే వారసులు నడుపుకోవచ్చు. భార్య వచ్చి సంతకం పెడితే మూసిన ఫైలు తెరుస్తారు. ఈయన బతికిండాడని రుజువు చేసేదానికంటే అది బిరీన అవుతాది."

గంగులప్ప నవ్వాడు. చాలా రోజులకు నవ్వాడు. ఆ నవ్వు ఆగకపోయేసరికి అమరావతి అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

బయట వేపచెట్టు కింద ఇద్దరూ కూర్చున్నారు. రెండే దారులు. మహోదయకు లైను రాసిస్తే అతను టీవీలో బతుకుతాడు, వాళ్ళ మనిషిగా. రాసివ్వకుండా అర్జీ బతకాలంటే అతను చచ్చినవాడుగా ఉండాలి.

"నువ్వు చెప్పు" అన్నాడు గంగులప్ప.

"నేను సంతకం పెడతాను. వాళ్ళు బతికిస్తే బతికేదానికా ఇన్నేండ్లు నీ నిచ్చెన పట్టుకున్నాను? నన్ను మొగుడు లేనిదని రాసుకోనీ. గెలిచినాక వాళ్ళ నోటితోనే చెప్పిస్తాను."

నుదుట రూపాయి అంత బొట్టుతో, చేతినిండా గాజులతో పోయి, వితంతువుగా సంతకం పెట్టింది. లోపలి గదిలో అధికారి తలెత్తి చూశాడు.

"పక్కన ఎవరమ్మా?"

"మా ఆయన సార్."

"ఏ ఆయన?"

"సచ్చిపోయినాయన సార్."

అధికారి నారాయణప్ప వైపు చూశాడు. నారాయణప్ప కిటికీ వైపు చూశాడు. ముద్ర పడింది.

విచారణ దాదాపు రెండేళ్ళు నడిచింది. అధికారి మారాడు, ఇంకొకరు వచ్చారు. చివరికి ఒకాయన నిజంగానే పుంగనూరు వచ్చి, గంగులప్ప లైను తెరా మహోదయ లైను తెరా పక్కపక్కన పెట్టించుకుని చూశాడు. అమరావతి ఇచ్చిన కాఫీ తాగాడు. ఆర్డరు వచ్చింది, అర్జీదారు వారసులకు మిగతా వాళ్ళతో సమానంగా సిగ్నల్ ఇవ్వాలి, తప్పుడు మరణవార్తను అదే చానెల్లో సవరించాలి. పక్కపక్కనే రెండు మాటలు. మరణవార్త తప్పు అని రాసిన చెయ్యే వారసులు అనీ రాసింది.

అప్పటికి లైనులో ఎన్ని ఇళ్ళు మిగిలాయి? చుక్కల తెర చూసి చూసి విసిగినవాళ్ళు ఎప్పుడో మహోదయకు మారిపోయారు. ఇంకొందరు మేడమీద చిన్న గొడుగుల్లాంటి డిష్షులు బిగించుకున్నారు. మహోదయ వాళ్ళు ఆర్డరు ప్రకారం మంచి సిగ్నలే ఇచ్చారు. అది మూసిన అంగళ్ళ వీధిలో దీపం వెలిగించినట్టయింది. పైగా కొత్త డిజిటల్ పెట్టెల్లో ఊరి చానెలుకు చోటు లేదన్నారు. అమరావతి కంప్యూటరు మీద గుడ్డ కప్పేసింది.

సవరణ ఎప్పుడు వేస్తారో చెప్పమంటే కిరణ్ కుమార్ ఫలానారోజు అన్నాడు. ఆరోజు అమరావతి తలంటుకుంది. మంగమ్మను, మంగమ్మ అత్తను పిలిచి కూర్చోబెట్టింది. దొడ్డమ్మకు అప్పటికి కళ్ళు సరిగా కనపడవు. టీవీకి దగ్గరగా పీటవేసి ఆమెను కూర్చోబెట్టారు. రాములమ్మకూ ఫోను చేసి చెప్పింది. పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా చూశారు. మధ్యాహ్నం కరెంటు పోయింది. ఎండాకాలం కోత. రోజూ ఆ వేళకే పోతుంది. మూడు ఊళ్ళకూ తెలుసు. మదనపల్లె కంట్రోల్ రూంలో మాత్రం జనరేటరు ఉంది.

సందకాడ కరెంటు వచ్చింది. సినిమా వస్తోంది. అమరావతి ఆఫీసుకు ఫోను చేసింది.

"ఏసేసినాం కదక్కా" అన్నాడు కిరణ్ కుమార్. "మధ్యాహ్నం మూడుసార్లు పడింది. రికార్డు ఉండాది, కావాలంటే చూపిస్తా. మీ ఆర్డర్లో ఎన్నిగంటలకని లేదు."

మంగమ్మ అత్త లేచి, "మేము సూళ్ళేదు మ్మా" అని చెప్పి వెళ్ళిపోయింది. దొడ్డమ్మ తెరకు చెయ్యి ఆనించి తడుముతోంది. "ఏసినారా మే? మూసినారా?" అని అడిగింది.

"మూసినారు దొడ్డమ్మా" అన్నది అమరావతి. తన జీవితంలో చూడకుండా చెప్పిన కబురు అదొక్కటే.

ఆ చలికాలంలోనే దొడ్డమ్మ పోయింది. రెండువేల తొమ్మిదిలో ఒకరోజు తెల్లవారగానే గంగులప్ప మేడమీదికి పోయి ఎంతకీ దిగిరాలేదు. పనిచెయ్యని ఆ డిష్షుకు తుప్పు పడుతోందని రంగు వెయ్యాలని ముందురోజే అన్నాడు. అమరావతి పైకెక్కి చూసింది. డిష్షు నీడలో వెల్లకిలా పడి ఉన్నాడు. రంగుడబ్బా మూత కూడా తెరవలేదు.

ఆమె కూర్చుని ముఖం చూసింది. ఎంతసేపు చూసిందో తెలియదు. ఇన్నేళ్ళూ వేరేవాళ్ళ ఇళ్ళకు పోయి చూసినట్టే, కళ్ళు, నోరు, ముక్కుదగ్గర ఊపిరి అన్నీ చూసింది. ఇప్పుడిక పేరు వెయ్యొచ్చు. లేచి కిందికి దిగి, అలవాటుకొద్దీ కంప్యూటరు మీది గుడ్డ తీసింది. దానికి తీగ లేదు.

మహోదయ ఆఫీసుకు ఫోను చేసింది. లత అని కొత్తగా చేరిన అమ్మాయి ఎత్తింది. పేరు, వీధి అడిగి కంప్యూటర్లో కొట్టింది.

"మేడం, ఈ పేరు ఒకసారి పడిపోయింది. రెండువేల ఆరులో. మళ్ళా తీసుకోలేదు."

"అది తప్పమ్మా. దిద్దినారు కూడా. నిజంగా పోయింది ఈపొద్దే."

"దిద్దింది వేరే గడిలో ఉంటాది మేడం, నాకు కనపడదు. మదనపల్లెలో పెద్దసార్లు తీస్తే గానీ... సోమవారం వస్తారు."

అమరావతి ఫోను పెట్టేసింది. వీధిలో పాలు పోసేవాడి గంట వినిపించింది. మళ్ళీ ఫోను ఎత్తి కుప్పానికి చేసింది. చాలాసేపు మోగాక రాములమ్మ ఎత్తింది. వెనక టీవీలో మహోదయ చానెలు పాట మోగుతోంది.

"రాములమ్మా, మీ అన్న పోయినాడు."

ఏడుపు రాలేదు ఆమెకు. మూడేళ్ళుగా అతను బతికే ఉన్నాడని ఊరందరితో చెప్పీ చెప్పీ ఆ గొంతు గట్టిపడిపోయింది. ఏ వణుకూ లేకుండా, వార్త చదివినట్టు చెప్పింది.

అవతల రాములమ్మ నవ్వింది.

"మళ్ళా కాకి తన్నిందా వదినా? ఈతూరి నేను ఏడ్సను పో! ఆపొద్దు బస్సంతా నన్నే సూసింది."

"కాకి కాదు రాములమ్మా. నేను ముఖం సూసినాను."

"ఊరుకో వదినా" అన్నది రాములమ్మ, ఇంకా నవ్వుతూనే. "పొద్దుట్నుంచి టీవీ ముందరే కూచోనుండాను. నిజమైతే దీంట్లో రాదా?"